నరమామిడి పట్ట పొడి: జిగురు మేలైనదే, పొట్లం మీది మాటలే ఎక్కువ

నరమామిడి పట్ట పొడిని కొనేవారిలో చాలామంది రెండు పనుల కోసం కొంటారు. బెణుకుల మీద, వాపుల మీద పట్టు వేసుకోవడం మొదటిది. ఇంట్లో ధూపం, అగరుబత్తి చేసుకునేటప్పుడు సుగంధపు పొడులన్నిటినీ కలిపి పట్టి ఉంచే జిగురుగా వాడుకోవడం రెండోది. మూలికల కొట్లలో మైదా లక్డీ పేరుతో అమ్ముడయ్యే ఈ సరుకులో ఒక రకం పొట్లం పొడిని ఈ రెండు పనులకూ వాడి, దానితోపాటు దంచని పట్ట ముక్కలను కూడా తెప్పించి పోల్చి చూసిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. అమ్మే సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపాలు ఆ ఒక్క సంస్థవే కావు, ఈ సరుకు అమ్మే తీరులోనే ఉన్నవి.

ముందుగా చెట్టు సంగతి. నరమామిడి శాస్త్రీయ నామం లిట్సియా గ్లూటినోసా. దాల్చినచెక్క, కర్పూరం, అవకాడో, బిర్యానీ ఆకు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ లారేసీ కుటుంబానిదే. పోర్చుగీసు జెసూట్ క్రైస్తవ మత ప్రచారకుడు లూరేరో 1790లో కొచ్చిన్‌చైనా, అంటే నేటి మధ్య, దక్షిణ వియత్నాం ప్రాంతపు మొక్కలను వర్ణిస్తూ దీన్ని తొలిసారి శాస్త్రగ్రంథానికి ఎక్కించాడు. భారతదేశం నుంచి దక్షిణ చైనా, ఫిలిప్పీన్స్ మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఇది సహజంగా పెరుగుతుంది. ఆకు నలిపితే వాసన వస్తుంది. ఆడ చెట్టు, మగ చెట్టు వేరువేరుగా ఉంటాయి. గుండ్రని చిన్న కాయలు పండితే నల్లబడతాయి. మన తూర్పు కనుమల అడవుల్లో దీని పట్ట గిరిజనులు సేకరించే అటవీ ఫలసాయాల్లో ఒకటి. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చింతపండు, కరక్కాయ, కొండచీపుళ్లతో పాటు నరమామిడి పట్టను కూడా కొనుగోలు జాబితాలో చేర్చుకుంది. ఇంత పరిచయం ఎందుకంటే, పొట్లం మీద ఇందులో ఒక్క ముక్క కూడా లేదు.

ఇక పొడి. లేత గోధుమ రంగులో, మెత్తగా జల్లించి ఉంది. వేళ్ల మధ్య రుద్దితే ఇసుక తగలలేదు గాని, సన్నని నార పోగులు అక్కడక్కడ కనిపించాయి. పట్ట దంచిన సరుకులో నార ఉండడం తప్పు కాదు. పూర్తిగా నున్నగా, తెల్లగా ఉన్న పొడినే నేనైతే అనుమానిస్తాను. వాసన పెద్దగా లేదు. దీని విలువ అంతా నీళ్లలో వేశాక తెలుస్తుంది. పట్టలో అరాబినోజైలాన్ అనే చక్కెర గొలుసుల పదార్థం ఉంటుంది. అది నీటిని పీల్చుకుని ఉబ్బి చిక్కని బంకగా మారుతుంది. చన్నీళ్లు చాలు, ఉడికించనక్కరలేదు. పొడి మీద నీళ్లు పోస్తే మాత్రం పైపొర వెంటనే బంకగా మారి లోపలి పొడిని తడవనీయదు, ఉండలు కడుతుంది. నీళ్లు కలుపుతూ పొడిని కొద్దికొద్దిగా చల్లి, కాసేపు కదపకుండా వదిలేయాలి. ఇలా చేసినప్పుడు ఈ పొడి రెండు వేళ్ల మధ్య సాగదీస్తే తీగ కట్టింది. రంపపు పొడి కలిసిన సరుకు ఇలా సాగదు, అడుగున మడ్డిగా దిగిపోతుంది. ఈ పరీక్షలో పొట్లం పొడి బాగానే నిలిచింది. అయితే పట్ట ముక్కలను ఇంట్లో దంచి, జల్లించి చేసిన పొడి దీనికన్నా స్పష్టంగా చిక్కటి జిగురు ఇచ్చింది.

దీని అసలు బలం అగరుబత్తిలో ఉంది, కాబట్టి అక్కడ కొంత ఆగాలి. అగరుబత్తికి బొగ్గు పొడి లేదా చెక్క పొడి మండే పదార్థం, గంధం, వట్టివేళ్లు వంటివి వాసన, వెదురు పుల్ల ఆధారం. వీటిని పుల్లకు అంటిపెట్టేది జిగట్ అని వ్యాపారులు పిలిచే పట్ట పొడి. మైదా గంజితోనో గోరుచిక్కుడు గింజల బంకతోనో కూడా పొడులను అంటించవచ్చు. కాని ఆ బంకలు కాలేటప్పుడు వాటి సొంత వాసన ముందుకొచ్చి గంధాన్ని మింగేస్తుంది. లారేసీ చెట్ల పట్ట అంటించడమే కాదు, తానూ నిదానంగా, పెద్దగా వాసన లేకుండా కాలిపోతుంది. జపాన్‌లో ధూపపు కడ్డీలకు వాడే మక్కో పొడి కూడా ఈ కుటుంబానికే చెందిన మాకిలస్ తున్‌బెర్గీ అనే చెట్టు పట్టే. వేల మైళ్ల దూరంలో వేరే సంప్రదాయం వారు కూడా అదే కుటుంబం దగ్గరికి చేరడం యాదృచ్ఛికం కాదు, ఆ పట్ట గుణం అలాంటిది.

మూడు వంతుల బొగ్గు, గంధం పొడుల మిశ్రమానికి ఒక వంతు ఈ పొడి కలిపి, చపాతీ పిండికన్నా కొంచెం గట్టిగా పిసికి, పలక మీద పుల్లలకు చుట్టి నీడలో ఆరబెడితే బత్తులు పగుళ్లు లేకుండా ఆరాయి. కాల్చినప్పుడు మధ్యలో ఆరిపోలేదు, బూడిద ముక్కలుగా రాలకుండా వంగి నిలిచింది. పొడి పాళ్లు ఇంతకన్నా తగ్గించినప్పుడు ఆరిన బత్తి మీద గోరు తగిలితే పెచ్చు ఊడింది. పెంచినప్పుడు పిండి పలకకే అంటుకుని చుట్టడం కష్టమైంది. సాంబ్రాణి వంతు ఎక్కువగా ఉన్న ధూపానికి మాత్రం ఈ పొడి ఒక్కటే సరిపోదు. సాంబ్రాణి కరిగి కారే గుణం ముందు ఏ జిగురైనా తేలిపోతుంది, దానికి బొగ్గు వంతు పెంచాల్సిందే. మొత్తం మీద, ఇంట్లో మసాలా బత్తి, అంటే ఇలా పొడులు పిసికి చుట్టే బత్తి చేసుకునేవారికి ఈ పొట్లాన్ని సంకోచం లేకుండా సిఫారసు చేయగలను.

పట్టు విషయంలో నా తీర్పు ఇంత సూటిగా ఉండదు. దెబ్బ తగిలిన చోట నరమామిడి పట్టను నూరి పట్టు వేసి, పైన గుడ్డ కట్టే వాడుక మన దగ్గర పాతదే; బెణుకులకు, కమిలిన దెబ్బలకు, విరిగిన ఎముకలకు కూడా దీన్ని వాడేవారు. వాపు ఉన్న మడమకు గోరువెచ్చని పట్టు వేస్తే మొదట చల్లబడిన భావన కలుగుతుంది. ఆరుతున్న కొద్దీ చర్మం మీద బిగుసుకుని, కాలిని అటూ ఇటూ కదపకుండా ఆపే ఒక పలుచని కవచంలా పనిచేస్తుంది. ఈ ఊరటలో ఎక్కువ భాగం ఆ బిగువుదీ కదలిక తగ్గడానిదీ అని నా అభిప్రాయం. పట్టలో బోల్డిన్, లారోటెటానిన్ వంటి ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద ప్రభావం చూపే మొక్కల రసాయనాలు ఉన్న మాట నిజమే గాని, పైపూతగా వేసిన పట్టులో అవి ఎంత పని చేస్తాయన్నది పొట్లం అమ్మేవారు చెప్పినంత తేలిక విషయం కాదు. తీసేటప్పుడు తడిపి, నానబెట్టి తీయాలి. పొడిగా పీకితే వెంట్రుకలు కూడా వస్తాయి. చర్మం చిట్లిన చోట వేయకూడదు.

పొట్లం మీద మాత్రం విరిగిన ఎముకలు త్వరగా అతుకుతాయని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. విరిగిన ఎముక అతకాలంటే ముక్కలు సరైన చోట నిలవాలి, అవి నిలిచాయో లేదో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ఆ పని ఏ పట్టూ చేయలేదు. వాపు పెరుగుతున్న అవయవం మీద పట్టు వేసి గట్టిగా కట్టడం వల్ల రక్తప్రసారం ఆగే ప్రమాదం కూడా ఉంది. వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, రంగు మారినా వెంటనే కట్టు విప్పి ఆసుపత్రికి వెళ్లాలన్న హెచ్చరిక అక్కడ ఉండాల్సింది, లేదు. అతిసారానికి, రక్తవిరేచనాలకు లోపలికి తీసుకోవచ్చని మరో వాక్యం ఉంది. జిగురు పట్టను నీళ్లలో నానబెట్టి తాగించే వాడుక సంప్రదాయ వైద్యంలో ఉన్నదే. కాని మోతాదు చెప్పకుండా, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడమే అన్నిటికన్నా ముఖ్యమని కూడా చెప్పకుండా ఆ ఒక్క వాక్యం రాయడం బాధ్యత లేని పని. ఆయుర్వేద ఔషధంగా అమ్మే సరుకు మీద 1940 నాటి ఔషధాల చట్టం ప్రకారం లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ ఉండాలి. ఈ పొట్లం మీద తేదీ తప్ప మిగిలినవి లేవు. మందు గుణాలు చాటుకుంటూనే మందుకు ఉండే నిబంధనలు తనకు వర్తించవన్నట్టు వ్యవహరించడం నాకు నచ్చలేదు.

తల స్నానానికి కూడా వాడవచ్చని రాశారు. ఫిలిప్పీన్స్‌లో సబ్లోట్ అనే పేరుతో ఇదే చెట్టును జుట్టు కడుక్కోవడానికి వాడే అలవాటు ఉంది, కాబట్టి ఆ మాట గాలిలోంచి పుట్టినది కాదు. కాని పొడితో చేస్తే నార పోగులు జుట్టులో చిక్కుకుని ఎంత కడిగినా వదలవు. ముక్కలను నానబెట్టి, గుడ్డలో వడకట్టిన నీరైతే జుట్టు మెత్తగా, చిక్కు లేకుండా ఉంటుంది. మురికి వదిలించడంలో కుంకుడుకాయతో పోటీ పడదు.

అన్నిటికన్నా నన్ను ఆపినది పట్ట ఎక్కడిదన్న ప్రశ్న. చెట్టు కాండం చుట్టూ పూర్తిగా పట్ట ఒలిస్తే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగే దారి తెగిపోతుంది, చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఒక పక్కనే నిలువు పట్టీగా తీసి మిగిలినది వదిలేస్తే చెట్టు బతుకుతుంది. నరికినా మొదలు నుంచి చిగుళ్లు వేసే గుణం దీనికి ఉంది కాబట్టి, తోటగా పెంచి కొమ్మలు నరికి పట్ట తీయడమూ సాధ్యమే. వియత్నాం మధ్య ఎగువ ప్రాంతమైన జియా లాయ్‌లో రైతులు దీన్ని పొలాల్లో పెంచి పట్ట అమ్ముకుంటున్నారు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్, మయోట్ దీవుల్లో బయటినుంచి వచ్చిన ఇదే చెట్టు పక్షులు విత్తనాలు చల్లగా అడవులను ఆక్రమించి అక్కడివారికి తలనొప్పిగా మారింది. మన అడవుల్లో మాత్రం విచక్షణ లేని ఒలుపు వల్ల తగ్గిపోతూ ఉంది. పట్ట ఏ పద్ధతిలో, ఏ ప్రాంతంలో సేకరించారని అమ్మకందారుకు రాసి అడిగితే అడవి నుంచి సహజంగా సేకరించినదని జవాబు వచ్చింది. అంతకన్నా వివరం ఏమీ రాలేదు.

ఇంకొకటి: జిగట్ పేరుతో అమ్ముడయ్యే పొడిలో పడమటి కనుమల్లో పెరిగే మాకిలస్ మాక్రాంతా అనే వేరే చెట్టు పట్ట కూడా ఉంటుంది. అగరుబత్తికి ఆ తేడా పెద్దగా పట్టించుకోనక్కరలేదు. పట్టుకోసం, లోపలికి తీసుకోవడం కోసం కొనేవారికి ఏ చెట్టు పట్టో తెలియడం అవసరం. కాబట్టి ధూపం పనికి పొడి పొట్లం కొనవచ్చు, పట్టు పనికి దంచని ముక్కలే కొనమంటాను: ముక్కలో లోపలి పొర కనిపిస్తుంది, కల్తీకి చోటు తక్కువ. దంచడానికి శ్రమ ఉంది, ముక్కలు గట్టివి, మిక్సీ జార్‌లో నేరుగా వేస్తే బ్లేడు ఇరుక్కుంటుంది, ముందు రోట్లో చితక్కొట్టాలి. పొడైనా ముక్కలైనా గాలి చొరబడని డబ్బాలో ఉంచాలి. వానాకాలం తేమ తగిలితే పొడి గడ్డకట్టి బూజు పడుతుంది. ఈ పొట్లానికి ఉన్న జిప్పు మూత ఒకసారి తెరిచాక సరిగ్గా పట్టడం లేదు. జిగురుకు అయిదుకు నాలుగు ఇస్తాను, రాతలకు ఒకటి.