వరిలో మొవ్వు పురుగుకు దీపపు ఎరా, లింగాకర్షక బుట్టా?

ఆడ రెక్కల పురుగు వాసనకే మగవి వస్తాయని ఫ్రాన్స్ కీటక శాస్త్రవేత్త ఫాబ్ర్ (1823–1915) తన ఇంట్లోనే పరీక్షించి చూశాడు. వల మూత కింద ఆడ పురుగును ఉంచితే రాత్రికి నలభై దాకా మగవి వచ్చాయి. గాలి చొరబడని పెట్టెలో పెడితే ఒక్కటీ రాలేదు. ఆడ పురుగు వాసన ఉన్న ఎరతో మగవాటిని పట్టే లింగాకర్షక బుట్ట పనిచేసేది ఈ సూత్రం మీదే.

నెల్లూరు పెన్నా ఆయకట్టులో మొవ్వు పురుగు (కాండం తొలిచే పురుగు) నిఘాకు బుట్టే మేలు. ఎకరాకు 3 చాలు. వారానికి బుట్టకు 25–30 మగ రెక్కల పురుగులు పడితే మందు ఆలోచించాలి. ఎర పైరు కంటే అడుగు ఎత్తున ఉండాలి. పైరు పెరిగినా కర్ర పైకి జరపకపోతే బుట్ట ఆకుల్లో మునిగి ఖాళీగా కనిపిస్తుంది, పురుగు లేదని మోసపోతాం. ఎరను 3–4 వారాలకు మార్చాలి. శనగపచ్చ పురుగు ఎర ముట్టిన చేత్తో దీన్ని తాకితే వాసనలు కలిసిపోతాయి.

దీపపు ఎరకు ఆడవీ పడతాయి, వరి రసం పీల్చే సుడిదోమ రాక కూడా తెలుస్తుంది. బుట్టకు ఆ రెండూ చేతకావు. బల్బు కింద పళ్లెంలో నీళ్లు, కాస్త కిరోసిన్ పోసి, పొద్దుగూకాక మూడు నాలుగు గంటలు వెలిగిస్తే చాలు. తెల్లార్లూ వెలిగితే మిత్ర పురుగులూ చస్తాయి. పున్నమి వెన్నెల్లో పురుగు తక్కువ పడుతుంది. ఈశాన్య రుతుపవనాల వానల్లో పొలంలో కరెంటు తీగతో చెలగాటం వద్దు, ఆ రోజులకు బుట్టే దిక్కు.