పర్లాకిమిడి–పాతపట్నం బజారు: ఎవరి ముక్క వాళ్లు బాగుచేసుకోవాలా, కలిసి చేయాలా?

పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. పాతపట్నం ఆంధ్రాలో, శ్రీకాకుళం జిల్లాలో ఉంది. కాగితం మీద రెండు రాష్ట్రాలే గానీ సరుకు కొనేవాళ్లకి ఇదంతా ఒకే బజారు. చీర అటు నచ్చితే అటు, చింతపండు ఇటు చవకగా దొరికితే ఇటు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత పడింది. ఈ ఊళ్ల చుట్టరికాలు, అప్పులు, ఖాతాలు అంతకు ముందటివి. అందుకే ఈ రెండు ఊళ్లను కలిపే రోడ్డునీ దాని పక్క అంగళ్లనీ బాగుచేయడం ఎవరి చేతిలో ఉండాలన్నది మాకు చిన్న విషయం కాదు.

ఎవరి హద్దులో వాళ్లు చేసుకోవడం అన్నిటికన్నా తేలిక. అటు మునిసిపాలిటీ, ఇటు పంచాయతీ. ఎవరి నిధులు వాళ్లవి, ఎవరి టెండరు వాళ్లది. పని చెడితే ఎవరిని నిలదీయాలో జనానికి తెలుసు. ఈ సుగుణాన్ని నేను తక్కువ చేయను. చిక్కల్లా వాన కురిసినప్పుడే. ఒక పక్క రోడ్డు అడుగు ఎత్తు లేపి సిమెంటు వేస్తే ఆ నీళ్లు రెండో పక్క కొట్లలోకి దిగుతాయి. వాళ్లూ లేపుతారు. చివరికి రోడ్డు పైన, అంగళ్లు గోతిలో. రెండు ఊళ్ల నీళ్లూ కలిసేది మహేంద్రతనయ నదిలోనే, అక్కణ్నుంచి వంశధారలోనే. అలాంటప్పుడు సైడు కాలువ వాలు హద్దు దగ్గర మారిపోతే ఎంత ఖర్చు పెట్టినా వృథా.

తోపుడుబళ్ల సంగతీ అంతే. ఒకచోట ఖాళీ చేయిస్తే బళ్లు హద్దు దాటి అవతల నిలబడతాయి. రద్దీ తగ్గదు. నష్టపోయేది మాత్రం రోజు బేరం మీద బతికే మనిషి. వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం సర్వే చేయకుండా, అర్హులకు ధ్రువపత్రాలు ఇవ్వకుండా ఎవరినీ తొలగించకూడదు. ఆ చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. కానీ ఆ చట్టం ప్రధానంగా పట్టణ సంస్థల కోసం రాసింది. పర్లాకిమిడి మునిసిపాలిటీలో అరటిపళ్లు అమ్మే ఆమెకు ఉన్న రక్షణ పాతపట్నం పంచాయతీలో అవే పళ్లు అమ్మే ఆమెకు అంత గట్టిగా లేదు. ఎవరి ముక్క వాళ్లు చేసుకుంటే ఈ తేడా ఎప్పటికీ తీరదు.

రెండిటికీ కలిపి ఒక అధికార సంస్థే ఉంటే బాగుంటుందనే వాదనా ఉంది, అందులో బలమూ ఉంది. నౌపడా–గుణుపురం రైలుమార్గం పాతపట్నం మీదుగా, పర్లాకిమిడి మీదుగా వెళ్తుంది. దాన్ని బ్రాడ్‌గేజ్‌గా మార్చింది రైల్వే ఒక్కటే గనక పట్టాలు హద్దు దగ్గర తెగలేదు. రోడ్డుకీ అలాంటి యజమాని కావాలంటారు. ఢిల్లీ చుట్టూ రాజధాని ప్రాంత ప్రణాళికా బోర్డు 1985 చట్టంతో అలాగే వచ్చింది. అయితే దానికి పార్లమెంటు చట్టం కావాల్సి వచ్చింది, రాష్ట్రాల శాసనసభల సమ్మతీ కావాల్సి వచ్చింది. పక్క రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకునే ప్రాంతీయ మండళ్లున్నాయి గానీ మన రెండు రాష్ట్రాలు ఒకే మండలిలో కూడా లేవు: ఒడిశా తూర్పు మండలిలో, ఆంధ్ర దక్షిణ మండలిలో. వంశధార నీళ్ల మీద 2010లో ట్రిబ్యునల్ వేస్తే తీర్పు 2017లో వచ్చింది. ఒక బజారు రోడ్డు కోసం అన్నేళ్లు ఆగమని కొట్లవాళ్లకి నేను చెప్పలేను.

నా ఓటు మూడో దారికి: డ్రాయింగ్ ఒక్కటి, డబ్బు సంచులు రెండు. ఇద్దరు కలెక్టర్లు కూర్చుని ఒకే డ్రాయింగ్ ఒప్పుకోవాలి. కాలువ వాలు, రోడ్డు ఎత్తు, బళ్లు ఎక్కడ నిలవాలి, ఆటోలు ఎక్కడ ఆగాలి, ఇవన్నీ అందులో ఉండాలి. డబ్బు ఎవరిది వాళ్లు పెట్టుకుంటారు, పని ఎవరిది వాళ్లు చేయిస్తారు. కొత్త శాసనం అక్కర్లేదు.

దీనికీ లోపం ఉంది. కలెక్టర్ బదిలీ అయితే ఒప్పందం ఫైల్లో పడి ఉంటుంది. కాబట్టి అటు కౌన్సిల్లో, ఇటు పంచాయతీలో తీర్మానం చేయించాలి. అంతకన్నా ముఖ్యం, ఆ డ్రాయింగ్‌ని రెండు టెండర్లలోనూ షరతుగా జతచేయాలి. అలా చేస్తే అధికారి మారినా, కాలువ లోతు తగ్గించిన కాంట్రాక్టరుకి బిల్లు రాదు. పాతపట్నం వైపు బళ్లవాళ్ల జాబితా కూడా పర్లాకిమిడి సర్వేతో పాటే, అదే పద్ధతిలో తయారు కావాలి. కరెంటు స్తంభాల కోసం ఇద్దరితో మాట్లాడాలి: అటు టాటా పవర్ వాళ్ల కంపెనీ, ఇటు ఆంధ్రా తూర్పు ప్రాంత డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ. స్తంభాలు జరిపాకే రోడ్డు వేయాలి, లేదంటే కొత్త రోడ్డునే మళ్లీ తవ్వుతారు.

బోర్డులు ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. కొండల మీంచి సంతకి దిగే సవరల కోసం మైకులో వాళ్ల భాషలోనూ చెప్పాలి. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ ఊరి బజారుకి ఈ మాత్రం మర్యాద చేతకానిది కాదు.

ముందు కావాల్సింది మాత్రం లెవెల్స్, అంటే రోడ్డు ఎత్తుపల్లాల కొలతలు. రెండు వైపుల ఇంజనీర్లూ ఒకే రోజు, ఒకే గుర్తు నుంచి రోడ్డు పొడవునా కొలిచి, ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం తయారవ్వాలి. అది లేకుండా ఏ పక్కనైనా టెండరు పిలిస్తే అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ ఏడాది పని ఆగినా పరవాలేదు.