టీవీ క్విజ్ షోలో ‘హాట్ సీట్ గ్యారంటీ’ అంటే దుడ్లు కట్టొద్దు: తిరుపతి, చిత్తూరు వాళ్ళకి హెచ్చరిక

అన్నా, అక్కా, ముందు అసలు మాట చెప్తా. తెలుగు ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ షోకైనా, హిందీ ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ (కేబీసీ)కైనా డబ్బు కట్టి పోయే దారి లేదు. ఉందని చెప్పి తిరుపతిలో, చిత్తూరులో బ్యాచ్‌లు నడిపే ఆ కోచింగ్ వాళ్ళెవరో క్విజ్‌లకి తిరిగేవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఆటోల వెనక పోస్టర్లు, బస్టాండ్లో పాంప్లెట్లు, షో చేసిన హీరోల ఫొటోల పక్కన కోచింగ్ సెంటర్ డైరెక్టర్ గారి ఫొటో. వాళ్ళే. ఫీజు పదిహేను వేలు, దాని మీద జీఎస్టీ అని 2,700, క్లాసులు అయ్యాక ‘ఆడిషన్ స్లాట్’ అని ఇంకో ఆరు వేలు. మొత్తం 23,700. ఇప్పుడు స్లాటూ లేదు, ఆడిషనూ లేదు, ఫోనూ ఎత్తరు.

డబ్బు పోవడం ఒక ఎత్తు. నిన్న వాళ్ళ ఆఫీసు కౌంటర్ దగ్గర జరిగింది ఇంకో ఎత్తు. నగరి నుంచి ఒకాయన వచ్చినాడు, మరమగ్గాల్లో పని చేసే మనిషి, డిగ్రీ చదివే కూతుర్ని వెంటబెట్టుకుని. రసీదు నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చినాడు. గొంతు కూడా పెంచలేదు. “సార్, స్లాట్ తేదీ ఎప్పుడో చెప్పండి, లేదంటే ఆ ఆరు వేలైనా ఇప్పించండి” అన్నాడు, అంతే. కౌంటర్లో ఉన్నవాడు రసీదు లాక్కుని వెనక్కి తిప్పి, అడుగున చీమల బారులాగా అచ్చేసిన ఇంగ్లీషు లైన్ మీద వేలు పెట్టినాడు. కట్టిన ఫీజు శిక్షణకీ మెటీరియల్‌కీ మాత్రమే, ఏ కారణంతోనూ తిరిగి ఇవ్వబడదు అని దాని అర్థం. హాల్లో ఉన్న పిల్లలందరికీ వినబడేట్టు అన్నాడు: “చదవకుండానే సంతకం పెట్టినావా? కాగితం చదవడం రానోళ్ళకి కోటి రూపాయలు యాడ వస్తాయి సామీ? పాపని తీసుకుపోయి మగ్గం మీద కూర్చోబెట్టు, పో.”

వయసులో తండ్రంత మనిషిని పట్టుకుని అన్న మాట అది. ఆయన ఏమీ అనలేదు. రసీదు మళ్ళీ కవర్లో పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. ఆ బ్యాచ్‌లో జీకే బాగా వచ్చినవాళ్ళలో ఆ అమ్మాయి ఒకతి. అదే రసీదు ముందు వైపు ‘ఆడిషన్ స్లాట్ 6,000’ అని బాల్‌పెన్‌తో రాసి సంతకం పెట్టింది ఆ కౌంటర్ వాళ్ళే. వెనక అచ్చు మీద వేలు పెట్టి చూపించినవాడు ముందు ఉన్న చేతిరాత సంగతి ఎత్తనేలేదు. ఇలాంటి రసీదు మీ దగ్గర ఉంటే భద్రంగా పెట్టుకోండి, దాని అవసరం ఉంది.

సీటు ఎలా వస్తుందో ఇప్పుడు వినండి, వీళ్ళు అమ్మేది ఎందుకు అబద్ధమో అర్థమవుతుంది. ముందు ఛానెల్ ప్రకటిస్తుంది. రిజిస్ట్రేషన్ కొన్ని రోజులే తెరిచి ఉంటుంది. ఆ రోజుల్లో టీవీలో ప్రశ్న అడుగుతారు, గడువు లోపల యాప్‌లోనో ఎస్సెమ్మెస్‌లోనో జవాబు పంపాలి. కేబీసీకైతే సోనీలివ్ యాప్‌లో ఉచితంగా పంపొచ్చు. సరైన జవాబు పంపినవాళ్ళలోంచి కంప్యూటరే కొందరిని తీస్తుంది. వాళ్ళకి ఫోన్ వస్తుంది, ఫోన్లో మళ్ళీ ప్రశ్నలు. అది దాటితే ఆడిషన్: జీకే రాత పరీక్ష, ఇంటర్వ్యూ. ఇందులో ఏ మెట్టు దగ్గరా కోచింగ్ సెంటరుకి పని లేదు. కంప్యూటర్ మీ నంబరు తీయకముందే ‘స్లాట్’ అనేది పుట్టదు. ప్రకటనే రాని సీజన్‌కి స్లాట్ అమ్మినారు వీళ్ళు.

‘ఛానెల్‌తో పర్మనెంట్ టై-అప్’ అని బోర్డు ఒకటి. ఏ ఛానెల్‌తో? తెలుగులో ఈ షో 2014లో మా టీవీలో మొదలైంది, నాగార్జున చేసినారు. 2017లో చిరంజీవి వచ్చినారు. 2021లో పేరు మార్చుకుని జెమినికి పోయింది, ఎన్టీఆర్ చేసినారు. హిందీ కేబీసీ కూడా 2000లో స్టార్ ప్లస్‌లో మొదలై 2010లో సోనీకి మారింది. సీజన్ల మధ్య ఏళ్ళు గడుస్తాయి, ఛానెలే మారిపోతుంది. అలాంటి షోకి తిరుపతిలో మేడ మీద ఆఫీసు పెట్టినవాడికి పర్మనెంట్ టై-అప్ ఎక్కడిది?

పోనీ చదువైనా సరిగా చెప్పినారా అంటే, వాళ్ళిచ్చిన ‘ఐదు వేల ప్రశ్నల బ్యాంకు’ తీసి చూడండి. శ్రీకాళహస్తి ఏ జిల్లా? చిత్తూరు అట. శ్రీహరికోట ఏ జిల్లా? నెల్లూరు అట. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఆ రెండూ మన తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి. తిరుపతిలో కూర్చుని తిరుపతి పిల్లలకి అమ్మిన పుస్తకంలో తిరుపతి జిల్లానే లేదు. పాత గ్రూప్స్ మెటీరియల్‌కి కొత్త అట్ట వేసి అమ్మినారు. ఆడిషన్ రాత పరీక్షలో ఇలాంటి ఒక్క జవాబుతో ఇంటికి రావాల్సి వస్తుంది.

ఫాస్టెస్ట్ ఫింగర్ పేరుతో చేయించింది ఇంకా ఘోరం. బజర్ నొక్కిస్తున్నారు. స్కూల్ క్విజ్‌లో బజర్ వేరు, ఇక్కడ పని వేరు. తెలుగు షోలో నాలుగు ఆప్షన్లనీ సరైన వరసలో పెట్టాలి, వరస కరెక్టుగా పెట్టినవాళ్ళలో అందరికంటే తక్కువ టైమ్ తీసుకున్నవాళ్ళు సీటెక్కుతారు. టైమ్ సెకనులో వందో వంతు దాకా లెక్క. చేతి వేగం ఒక్కటే ఉండి వరస తప్పితే సున్నా. నాలుగు ఆప్షన్లని 24 రకాలుగా పేర్చొచ్చు, గుడ్డిగా నొక్కితే తగిలే అవకాశం ఇరవైనాలుగింట ఒకటి. సాధన చేయాల్సింది ఇట్ట: ప్రశ్నలో దిక్కు చెప్పే మాట ముందు పట్టుకోవాలి, పాతది నుంచి కొత్తదానికా, ఉత్తరం నుంచి దక్షిణానికా అని. తర్వాత రెండు కొసలు ఖాయం చేసుకోవాలి, మొదటిదీ చివరిదీ. మధ్యలో రెండే మిగులుతాయి, అప్పుడు తెలియకపోయినా సగం అవకాశం మీ చేతిలో ఉంటుంది. ఒకటి చూడండి: ఆంధ్రప్రదేశ్ అవతరణ, ఎస్వీ యూనివర్సిటీ, చిత్తూరు జిల్లా, తిరుపతి జిల్లా. పాతది ముందు రావాలి. కొసలు తేలికే, చిత్తూరు జిల్లా 1911, తిరుపతి జిల్లా 2022. తడబడేది మధ్యలోనే: యూనివర్సిటీ 1954, ఆంధ్రప్రదేశ్ 1956. ఉత్తరం నుంచి దక్షిణానికి శ్రీకాళహస్తి, తిరుపతి, పుత్తూరు, నగరి. ఇలాంటివి ఇంట్లో ఎవరో ఒకరు చదువుతా ఉంటే ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చేసేదానికి పైసా ఖర్చు లేదు.

ఇంకొకటి, ఇది తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. ‘3,20,000 రాగానే ఆపేయండి, రిస్క్ వద్దు’ అని క్లాసులో చెప్తున్నారు. ఆట నియమమే తెలియనివాడు చెప్పే మాట అది. తెలుగు షోలో పదిహేను ప్రశ్నలు, ఐదో ప్రశ్న దగ్గర 10,000, పదో ప్రశ్న దగ్గర 3,20,000 సేఫ్ మెట్లు. తప్పు చెప్తే దాటిన చివరి సేఫ్ మెట్టుకి దిగుతారు. పదో ప్రశ్న దాటినాక పదకొండో ప్రశ్నకి తప్పు చెప్పినా చేతికి వచ్చేది అదే 3,20,000. ఆపేసినా అంతే. కరెక్టైతే 6,40,000. అంటే పదకొండోది తెలిసినా తెలియకపోయినా ఆడి తీరాలి, పోయేది ఏమీ లేదు. ఆరో ప్రశ్న సంగతీ అంతే. అసలు ఆలోచన పన్నెండో దాని దగ్గర మొదలవుతుంది. అక్కడ తప్పితే 6,40,000 నుంచి 3,20,000కి జారతారు, గెలిస్తే 12,50,000. లెక్క వేస్తే మీ జవాబు మీద మీకు నూటికి 35 పాళ్ళ నమ్మకం ఉన్నా ఆడడమే లాభం. ఫిఫ్టీ-ఫిఫ్టీ (రెండు తప్పు ఆప్షన్లు తీసేసే లైఫ్‌లైన్) మిగుల్చుకుని అక్కడికి పోయినవాళ్ళకి అది యాభై అవుతుంది. ఓడితే ఇంట్లో కష్టమయ్యేవాళ్ళు ఆపేయొచ్చు, అది వాళ్ళ ఇష్టం. పదకొండో దగ్గర ఆపమని చెప్పేవాడు మాత్రం పిల్లల నోటి దగ్గర కూడు లాగేస్తున్నాడు.

ఫోన్ ఎ ఫ్రెండ్‌కి ముప్పై సెకన్లే. ప్రశ్నా, నాలుగు ఆప్షన్లూ తేటగా చదివేసరికి సగం అయిపోతాయి. పలకరింపులు లేకుండా చదవడం, అవతలివాళ్ళు జవాబుతో పాటు ‘ఖాయం’ అనో ‘అనుమానం’ అనో ఒక్క మాట చెప్పడం, ఇది ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఇది ఒక్క క్లాసులో కూడా చెప్పలేదు. హోస్ట్ ముందు ఏడవడం ఎట్లా, ఇంటి కష్టాలు చెప్పడం ఎట్లా అని మాత్రం వారం పాటు నేర్పినారు.

కొత్తగా ఇంకో లెటర్ తిరుగుతోంది, చాలామందికి వాట్సాప్‌లో వచ్చింది: ‘మీరు షార్ట్‌లిస్ట్ అయ్యారు, గెలవబోయే మొత్తానికి ట్యాక్స్ డిపాజిట్ ముందుగా కట్టండి.’ కట్టొద్దు. గెలిచిన డబ్బు మీద 30 శాతం టీడీఎస్‌ని ఇచ్చేవాళ్ళే పట్టుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. 3,20,000 గెలిస్తే 96,000 పట్టుకుని 2,24,000 వేస్తారు. ట్యాక్స్ మీద 4 శాతం సెస్, 3,840, రిటర్న్ వేసేటప్పుడు చూసుకోవాలి. కారులాంటి వస్తువు బహుమతిగా వస్తే మాత్రం దాన్ని చేతికిచ్చే ముందు పన్ను కట్టి ఉండాలన్న నియమం ఉంది, వీళ్ళు దాన్ని పట్టుకునే భయపెడుతున్నారు. అదైనా నిజంగా గెలిచినాక సంగతి. ఆడని ఆటకి ట్యాక్స్ ఉండదు.

డబ్బు కట్టినవాళ్ళు ఈ వారంలోనే చేయాల్సినవి చెప్తా. రసీదులో జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. పదిహేను అక్షరాలు ఉంటుంది, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్లో కొడితే ఎవరి పేరు మీద ఉందో కనబడుతుంది. చాలా రసీదుల్లో ఆ నంబరే లేదు. రిజిస్టర్ కాకుండా జీఎస్టీ పేరుతో 2,700 వసూలు చేసే హక్కు ఎవరికీ లేదు, ఫిర్యాదులో ఈ మాట తప్పకుండా రాయండి. ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టినవాళ్ళు ట్రాన్సాక్షన్ ఐడీ దగ్గర పెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ట్యాక్స్ డిపాజిట్ కట్టినవాళ్ళు ఇది చదవడం ఆపి ముందు ఆ ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెప్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వినియోగదారుల కమిషన్లో కేసు మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ళ గడువు ఉంది. ‘తిరిగి ఇవ్వబడదు’ అని అచ్చేసుకున్నంత మాత్రాన ఇవ్వని సేవకి డబ్బు ఉంచుకోవడం చెల్లదని అక్కడ వాదించొచ్చు.

కొందరి దగ్గర ‘సెక్యూరిటీ’ అని సంతకం పెట్టిన ఖాళీ చెక్కు కూడా తీసుకున్నారు. ఆ చెక్కు నంబరు చెప్పి బ్యాంకులో స్టాప్ పేమెంట్ రాసివ్వండి. ఆధార్ జిరాక్స్ ఇచ్చినవాళ్ళు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోండి.

నగరి ఆయన రసీదులో ఉన్నట్టు ‘ఆడిషన్ స్లాట్’ అని చేతిరాత ఉన్నవాళ్ళు దాన్ని రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి, ఒరిజినల్ వాళ్ళ చేతికి మళ్ళీ ఇవ్వొద్దు. కోచింగ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు అడిగినవాళ్ళని నిన్న రాత్రి నుంచి తీసేస్తున్నారు, పాత మెసేజులు డిలీట్ చేస్తున్నారు. వాట్సాప్‌లో ఆ గ్రూపు తెరిచి, మూడు చుక్కలు నొక్కి, మోర్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ కొట్టి మీ మెయిల్‌కి పంపుకోండి. ఇప్పుడే చేయండి.