రాజమండ్రిలో అమ్మని చూపించిన క్యాన్సర్ ఆస్పత్రి ఓపీ, ఐదుకి నాలుగున్నర ఇస్తాను

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. అమ్మకి ఎడమ రొమ్ములో చింతపిక్కంత గడ్డ తగిలి ఐదు నెలలైనా మాకు చెప్పలేదు, ఎందుకంటే సూది గుచ్చితే పాకేస్తుంది, కత్తి తగిలితే ఒళ్ళంతా ఎక్కేస్తుంది అని ఊళ్ళో అందరూ అనేదే అమ్మా నమ్మింది. ముందు వేరే చోట చూపించాం, రెండు నిమిషాల్లో క్యాన్సర్, ఆపరేషన్, కౌంటర్లో డబ్బులు కట్టండి అన్నారు, ఎందుకు ఏంటి అని అడిగితే విసుక్కున్నారు. ఆ రోజు జొన్నాడ బ్రిడ్జి దాటి ఇంటికొచ్చేదాకా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత తెలిసినవాళ్ళు చెప్తే సెకండ్ ఒపీనియన్ కి ఇక్కడికొచ్చాం.

టోకెన్ తీసుకున్నాక మూడు గంటలు కూర్చోవాల్సొచ్చింది, కుర్చీలు చాలవు, పెద్దవాళ్ళు నిలబడే ఉన్నారు, అర మార్కు దానికే తగ్గించాను. కానీ లోపలికెళ్ళాక డాక్టర్ గారు మాకిచ్చింది దగ్గర దగ్గర అరగంట. అమ్మ చెయ్యి పట్టుకుని గడ్డ మీద పెట్టి "గట్టిగా ఉందా అమ్మా, ఈ గట్టితనం క్యాన్సర్ కణాల వల్లే కాదు, చాలావరకు చుట్టూ ఉన్న మీ సొంత టిష్యూ వల్ల" అన్నారు. సూది వల్ల పాకడం చాలా అరుదు, పాకేది లోపల దారులు పడితేనే అన్నారు. మాకెవ్వరూ అప్పటిదాకా ఆ ముక్క చెప్పలేదండి.

"మీరేం చేస్తారమ్మా" అనడిగారు. రెండెకరాల వరండి అంది అమ్మ. "చేలో ఎక్కడ నడుస్తారు, బురదలోనా గట్టు మీదా" అని చీటీ వెనకాల పెన్నుతో గడ్డ గీసి, చుట్టూ రింగుల్లా గీతలు గీశారు. ఆ గీతలు కొల్లాజెన్ అనే పీచు పోగులు, ఇలా చుట్టుకుని ఉన్నంత సేపు కణాలకి అడ్డం. పక్కన ఇంకో గడ్డ గీసి, ఈసారి గీతలన్నీ గడ్డ నుంచి బయటికి పోయేలా నిలువుగా లాగారు. అలా తిరిగాక కణాలు ఆ పోగుల్ని పట్టుకుని గట్టు మీద మనిషి నడిచినట్టే బయటికి పోతాయట. 2006లో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళు ఎలుకల గడ్డల్లో మైక్రోస్కోపు కింద ఈ వరసలు చూశారట. అమ్మ వెంటనే "అయితే గట్లు అడ్డంగా ఉంటే ఆగుద్ది, ఇటు తిరిగితే ఎల్లిపోద్దా అండి" అంది, డాక్టర్ గారు అంతే అన్నారు. అమ్మ మొహంలో భయం కాస్త తగ్గింది అప్పుడే.

మరి ఆ పోగుల్ని తిప్పేదెవరు అని నేనడిగాను. ఫైబ్రోబ్లాస్టులని, దెబ్బ తగిలినప్పుడు పుండు మాన్పే పనివాళ్ళలాంటి కణాలట, పుండు మానాక అవి పని ఆపెయ్యాలి, క్యాన్సర్ దగ్గర ఆపవు, పోగులు వేస్తూనే లాగుతూనే ఉంటాయి. క్యాన్సరంటే మానని పుండు అని 1986లోనే డ్వోరాక్ అనే డాక్టరు రాశాడట. ఇంకా మాక్రోఫేజులని రక్షణ కణాలుంటాయి, క్యాన్సర్ కణం వాటిని పిలుస్తుంది, అవి తిరిగి దానికి కదిలే సిగ్నలిస్తాయి, రెండూ కలిసి రక్తనాళం దాకా పోతాయి. మనల్ని కాపాడాల్సినవే తోడెళ్తాయంటే నాకు ఒళ్ళు జలదరించింది.

అయితే ఆ చుట్టూ ఉన్నదాన్నే చంపేసే మందు లేదా అంటే, పాంక్రియాస్, అంటే క్లోమం, క్యాన్సర్ వచ్చిన ఎలుకల్లో పోగులు వేసే ఆ ఫైబ్రోబ్లాస్టుల్ని తీసేసి చూస్తే 2014లో జబ్బు ఇంకా ముదిరిందట, ఎందుకంటే వాటిలో కొన్ని దాన్ని పట్టి ఉంచుతాయి కూడా. గట్టు మొత్తం తెగ్గొడితే ఏమవుద్దో మాకు ఒకరు చెప్పాలా అండి.

గడ్డతో పాటు చుట్టూ కాస్త మంచి టిష్యూ ఎందుకు తియ్యాలో, చంకలో మొదటి గ్రంథి ఎందుకు చూడాలో మాకప్పుడు అర్థమైంది. గడ్డ దగ్గర నీలం రంగు మందు ఎక్కిస్తే, చేలో నీళ్ళు ముందు ఏ తూముకి చేరతాయో చూసినట్టు, ఏ గ్రంథికి ముందు రంగొస్తే దాన్ని తీసి టెస్టు చేస్తారు. పాత చోట ఇదే ఆపరేషన్ చెప్పారు, కానీ అమ్మ ఒప్పుకుంది ఇక్కడ.

ఆపరేషనై పదకొండు రోజులైంది, అంచుల్లో కణాలు లేవని రిపోర్టు వచ్చింది, గ్రంథి కూడా క్లియర్. వచ్చేవాళ్ళు పాత రిపోర్టులతో పాటు బయాప్సీ స్లైడ్లు, ఆ ముక్క ఉంచిన మైనం బ్లాకు కూడా తెచ్చుకోండి, మేం తేక మళ్ళీ ఒకసారి తిరిగాం. పొద్దున్న ఎనిమిదికల్లా టోకెన్ తీసుకుంటే మంచిది. గట్ల బొమ్మ గీసిన చీటీ అమ్మ మొన్న పక్కింటి పిన్నిగారికి చూపించి అంతా చెప్పింది, ఆవిడకీ ఏడాదిగా గడ్డ ఉందంట, సోమవారం ఆవిణ్ణి తీసుకుని వస్తున్నాం.