వెనుక తలుపుకు వేలాడిన 46 కిలోలు: ఏడేళ్ల అనుభవం

నా జీప్ రాంగ్లర్ 2014 నాటిది. జేకే అనే తరానికి చెందిన, రూబికాన్ రకం, నాలుగు తలుపుల బండి. 2018 వసంతంలో దానికి 35 అంగుళాల టైర్లు నాలుగు వేయించి, స్టెప్నీగా మాత్రం కంపెనీ ఇచ్చిన పాత టైరునే ఉంచుకున్నాను. ఆ పొదుపు ఒక్క వేసవి కూడా నిలవలేదు. యూటా రాష్ట్రంలోని మోయాబ్ దగ్గర ఒక రాతి అంచు వెనుక టైరు పక్క గోడను చీల్చింది. పాత స్టెప్నీ 255/75 R17, అంటే వ్యాసం సుమారు 814 మిల్లీమీటర్లు. కొత్త టైర్లను టేపుతో కొలిస్తే 876 వచ్చింది. ఏడు శాతానికి పైగా తేడా ఉన్న రెండు చక్రాలను ఒకే వెనుక ఇరుసు మీద తిప్పితే డిఫరెన్షియల్ (రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఊరికే అరిగిపోతుంది కనుక, ముందు చక్రాన్ని వెనక్కి మార్చి, చిన్న టైరును ముందుకు బిగించి, ఫోర్ వీల్ డ్రైవ్ జోలికి పోకుండా, మీటరు పలక మీద హెచ్చరిక దీపం వెలుగుతుండగా నెమ్మదిగా ఊరు చేరాను. ఎండలో ఒక పంక్చరుకు రెండు చక్రాలు విప్పవలసి వచ్చినప్పుడే ఐదో పెద్ద టైరు కొనాలని నిశ్చయించుకున్నాను.

ఆ ఐదో టైరు అప్పటి నుంచి వెనుక తలుపు మీదే ఉంటోంది. మొదటి మూడేళ్లు బండితో వచ్చిన బిగింపు మీద, ఆ తరువాత విడిగా కొన్న ఉక్కు క్యారియర్ మీద ఉంది. మేము ఉండేది కొలరాడోలో, డెన్వర్ పక్కన. ఇప్పటికి సుమారు 90,000 కిలోమీటర్లు తిరిగాము. అందులో కొండదారులు, మట్టిదారులు, శీతాకాలంలో మెగ్నీషియం క్లోరైడ్ చల్లిన రహదారులు అన్నీ ఉన్నాయి.

ముందుగా బరువు సంగతి. ఇంట్లో తూకం యంత్రం మీద నేను టైరు ఎత్తుకుని నిలబడి, నా బరువు తీసివేసి లెక్క కట్టాను. పాత చక్రం రిమ్ముతో కలిపి 33 కిలోలు, కొత్తది 46. అంటే ఇక్కడి ఇండియన్ దుకాణంలో దొరికే 20 పౌండ్ల సోనా మసూరి సంచులు ఐదింటిని తలుపుకు వేలాడదీసినట్టు. మొదటిసారి దానిని పైకెత్తడానికి చెయ్యి వేసిన నా భార్య, "ఇది స్టెప్నీ కాదండీ, ఇంకో కాపురం" అన్నది.

నేను చాలా కాలం ఈ బరువునే తప్పుపట్టాను. అసలు కారణం అది ఒక్కటే కాదని ఆలస్యంగా తెలిసింది. రిమ్మును బండికి బిగించే తలం రిమ్ము మధ్యగీత నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే కొలతే ఆఫ్‌సెట్; అది తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. కంపెనీ రిమ్ము ఆఫ్‌సెట్ +44 మిల్లీమీటర్లు. నేను కొన్న వెడల్పు రిమ్ము ఆఫ్‌సెట్ -12. చక్రం బండి కింద ఉన్నప్పుడు ఈ తేడా దాన్ని పక్కకు నెట్టి నిలకడ పెంచుతుంది, చూడటానికీ బాగుంటుంది. అదే చక్రాన్ని తలుపు మీద బిగిస్తే దాని మధ్యభాగం 56 మిల్లీమీటర్లు వెనక్కి జరిగి గాలిలో నిలుస్తుంది. నా కొలత ప్రకారం తలుపు రేకు నుంచి టైరు మధ్యకు అంతకుముందు 20 సెంటీమీటర్లు ఉండేది, అది దాదాపు 25.6 అయింది. బరువు 40 శాతమే పెరిగినా, తలుపును మెలిపెట్టే బలం 80 శాతం దాకా పెరిగిందన్నమాట. నిండు బిందెను చంకన పెట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇదే.

దీనికి తోడు మరొక నష్టం జరిగింది. తలుపు మీద ఉండే రబ్బరు దిమ్మెలకు టైరు గట్టిగా ఆనుకుని ఉంటేనే అది కదలకుండా ఉంటుంది. కొత్త టైరు లోపలి అంచు ఆ దిమ్మెలను తాకనే లేదు. మధ్యలో నా బొటనవేలు దూరేంత సందు ఏర్పడింది. బిగించిన దుకాణంలో "35 అంగుళాల వరకు ఏ ఇబ్బందీ ఉండదు" అన్నారు గాని, ఈ సందు గురించి ఒక్క మాట చెప్పలేదు. నేనూ అడగలేదు.

తారు రోడ్డు మీద రెండేళ్లు ఏమీ తెలియలేదు. కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులోని వైట్ రిమ్ రోడ్డు సుమారు 160 కిలోమీటర్ల మట్టిదారి. అందులో రేకు పలకలా వరుసగా అలలు తేలిన చోట్ల వెనుక నుంచి టకటకమనే చప్పుడు మొదలైంది. తిరిగి వచ్చాక తలుపు తెరిస్తే అది కొద్దిగా కిందికి దిగింది. మూసేటప్పుడు చేత్తో పైకెత్తి నెట్టవలసి వచ్చింది. గడియ పట్టే కొక్కేన్ని సర్దితే నాలుగు నెలలు బాగానే మూసుకుంది. ఆ సర్దుబాటు జబ్బును దాచిపెట్టిందే తప్ప నయం చేయలేదు. చివరికి 2021లో లోపలి ప్లాస్టిక్ మూత విప్పి చూస్తే, బిగింపు బోల్టుల దగ్గర లోపలి రేకు మీద వేలెడు పొడవున పగులు కనిపించింది. ఇందులో బండి తప్పు ఏమీ లేదు. ఆ తలుపు మోయవలసిన దానికి దాదాపు రెట్టింపు మెలిని దానికి అప్పగించినవాడిని నేనే. ఒక వెల్డింగ్ మేస్త్రీ పగులు చివర చిన్న రంధ్రం వేసి, లోపలి వైపు పలక అతికి ఇచ్చాడు. ఇప్పటివరకు అది ముందుకు పాకలేదు.

ఆ తరువాత కొన్నది, తలుపు తిరిగే బందులతో (కీళ్లతో) కలిసి వచ్చే ఉక్కు క్యారియర్. పాత మడతబందులు తీసేసి ఆ స్థానంలో దీని బందులు బిగిస్తారు. టైరు బరువు తలుపు రేకు మీద పడకుండా, ఉక్కు చట్రం గుండా నేరుగా బందులకూ, వాటి నుంచి బండి మూల స్తంభానికీ చేరుతుంది. ధర ఒక టైరు కంటే బాగా ఎక్కువ. బిగించడానికి మాకు ఒక శనివారం మొత్తం పట్టింది. టైరు పైన ఉండే మూడో బ్రేకు దీపాన్ని కొద్దిగా ఎత్తవలసి వచ్చింది, లేకపోతే పెరిగిన టైరు దాన్ని సగం కప్పేస్తుంది. రబ్బరు దిమ్మెలు కూడా మరతో ముందుకు జరిగే రకానివి కావడంతో, టైరుకు ఆని కొద్దిగా నొక్కేవరకు తిప్పాను. టకటక చప్పుడు ఆ రోజుతో పోయింది. నాకు మిగిలిన విచారం ఒక్కటే: ఆ దిమ్మెలు విడిగా తక్కువ ధరకే దొరుకుతాయి, మొదటి రోజే వేసి ఉంటే పగులు ఇంత త్వరగా వచ్చేది కాదేమో.

ఇబ్బందులు లేవని చెప్పను. జేకే తలుపు కుడివైపు బందుల మీద తిరుగుతుంది. కుడివైపు నడిచే ఈ దేశంలో రోడ్డు పక్కన ఆపితే, తెరిచిన తలుపు కాలిబాటకు అడ్డంగా నిలుస్తుంది, సామాను దించేవారు వాహనాలు పోయే వైపు నిలబడాలి. వాలులో ఆపితే 46 కిలోల చక్రాన్ని మోసే తలుపు తనంతట తాను వేగం పుంజుకుంటుంది. నా ఎడమ మోకాలి మీద దానికి సాక్ష్యం ఉంది. అద్దంలో వెనుక దృశ్యం సగానికి పైగా నల్లటి రబ్బరే. చక్రాన్ని ఒక్కడినే ఎక్కించడం ఇప్పుడు నా వల్ల కాదు. పైనున్న రోల్ బారుకు (బండి బోల్తా పడితే లోపలివారిని కాపాడే ఇనుప చట్రానికి) బిగింపు పట్టీ కట్టి, దానితో కొద్దికొద్దిగా లాగి బోల్టుల మీదికి తెస్తాను.

పోషణకు ఎక్కువ సమయం పట్టదు. ఏటా మంచు కాలం ముగియగానే ఉప్పు కడిగి, బందులకు గ్రీజు పెట్టి, బోల్టుల బిగువు చూస్తాను. ప్రతి 8,000 కిలోమీటర్లకు ఐదు టైర్లనూ వంతులవారీగా మారుస్తాను. లేకపోతే స్టెప్నీ ఎండకు ఎండి, అరగకుండానే ముసలిదవుతుంది.

బంపరుకు బిగించే, విడిగా తిరిగే చేతి మీద టైరు పెట్టుకునే పద్ధతిని ఒక మిత్రుడి బండి మీద చాలాసార్లు వాడాను. 37 అంగుళాల టైరుకు నేను దాన్నే ఎంచుకుంటాను. 35 అంగుళాలకు మాత్రం, పాలు తేవడానికి వెళ్లినా ముందు ఆ చేతిని, తరువాత తలుపును తెరిచే ఓపిక నాకు లేదు.

హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు తన థార్‌కు 285/70 R17 వేయించాలని చూస్తున్నాడు. దాని స్టెప్నీ కూడా వెనుక తలుపు మీదే ఉంటుంది. అతని బండికి వచ్చినవి 255/65 R18, అంటే వ్యాసం 789 నుంచి 831 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 బండి మార్పులకు పరిమితులు పెడుతుంది కనుక ముందు ఆ సంగతి తేల్చుకోమన్నాను. తరువాత దుకాణదారుడిని టైరు ధర కంటే ముందు రిమ్ము ఆఫ్‌సెట్ అడగమన్నాను. నా టైర్ల గాడులు కూడా అరుగుదల గుర్తు దాకా వచ్చేశాయి. ఈసారి అదే 35 అంగుళాలే వేయిస్తాను, కానీ +12 ఆఫ్‌సెట్ రిమ్ముల మీద. తలుపు మీది చక్రం 24 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది.