మౌస్, కీ సెట్టింగ్స్ గేమ్ మెనూలో మార్చాలా, ఆటోఎగ్జెక్‌లో రాసుకోవాలా?

కౌంటర్ స్ట్రైక్ 2 అనే షూటింగ్ గేమ్ మొదలుపెట్టిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఇది. ఆటోఎగ్జెక్ అంటే మనమే రాసిపెట్టుకునే సెట్టింగ్స్ ఫైల్, గేమ్ తెరుచుకునేటప్పుడు దాన్ని చదివి అమలు చేస్తుంది. మొదట్లో మాత్రం మెనూనే మేలు. సెన్సిటివిటీ, అంటే మౌస్ జరిపితే చూపు ఎంత తిరగాలో చెప్పే అంకె, ఇంకా కుదరక రోజుకో అంకె పెట్టి చూస్తున్నప్పుడు మార్చగానే ఆడి చూసుకోవాలి కదా, దానికోసం ప్రతిసారీ ఫైల్ తెరవడం దండగ.

ఫైల్‌లో రాస్తే ఎయిమ్ బాగుపడుతుందనే మాట మాత్రం నమ్మకండి. సెన్సిటివిటీ 1, మౌస్ 800 డీపీఐ (అంగుళం జరిపితే మౌస్ పంపే లెక్క) ఉంటే ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్‌ని దాదాపు 52 సెంటీమీటర్లు జరపాలి. ఆ 1 మెనూలో పెట్టినా ఫైల్‌లో రాసినా ఆ దూరం మారదు. దీనికి ముందు వచ్చిన సీఎస్ గో గేమ్ ఫైళ్లలో ఉండే రా ఇన్‌పుట్ లైన్ (విండోస్ మౌస్ సెట్టింగ్స్‌తో పనిలేకుండా కదలికని నేరుగా తీసుకోమనేది) కూడా ఇప్పుడు అక్కర్లేదు, కొత్త గేమ్‌లో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే: సెట్టింగ్స్ ఉండే ఫైల్‌ని రాసేది గేమా, మీరా? మెనూలో మార్చినవన్నీ స్టీమ్ యూజర్‌డేటా ఫోల్డర్‌లో, మీ ఐడీ కింద ఉండే 730 ఫోల్డర్‌లో గేమ్ తనంతట తనే సేవ్ చేసుకుంటుంది. ఆ ఫైళ్లని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చొచ్చు, కానీ గేమ్ నడుస్తుండగా మార్చారంటే అది మూసుకునేటప్పుడు తన దగ్గరున్న విలువలు మళ్లీ రాసేసి మీవి చెరిపేస్తుంది, దానికితోడు సెట్టింగ్స్‌ని ఆన్‌లైన్‌లో దాచే స్టీమ్ క్లౌడ్ ఒకటి, అందులో ఉన్న పాత కాపీ ఎప్పుడు వచ్చి కూర్చుంటుందో చెప్పలేం. ఆటోఎగ్జెక్‌తో ఆ టెన్షన్ లేదు. దాన్ని గేమ్ చదువుతుందే తప్ప అందులో ఏమీ రాయదు. విండోస్ మళ్లీ ఎక్కించినా, వేరే సిస్టమ్‌లో కూర్చున్నా, గేమ్ ఫోల్డర్ లోపల సీఎస్‌గో, దాని లోపల సీఎఫ్‌జీ ఫోల్డర్‌లో ఆ ఒక్క ఫైల్ వేస్తే మీ సెన్సిటివిటీ, స్కోప్ సెన్సిటివిటీ, బైండ్‌లు (ఏ కీ నొక్కితే ఏం జరగాలో చెప్పే లైన్లు) అన్నీ వచ్చేస్తాయి. ఏ లైన్ ఎందుకు రాశారో పక్కనే రెండు స్లాష్‌లు పెట్టి నోట్ కూడా రాసుకోవచ్చు. నా ఓటు దీనికే.

ఇబ్బంది లేదని కాదు. ఆటోఎగ్జెక్‌లో ఉన్న అంకెని ఈరోజు మెనూలో మార్చారనుకోండి, రేపు గేమ్ తెరిచేసరికి పాతదే ఉంటుంది. అందుకని బాగా అలవాటైన సెట్టింగ్స్ మాత్రమే అందులో రాయండి, ఇంకా ప్రయోగాల్లో ఉన్నవి మెనూకి వదిలేయండి. ఫైల్ పెట్టినా పనిచేయడం లేదంటే ముందు పేరు autoexec.cfg అనే ఉందా చూడండి, నోట్‌ప్యాడ్ చివర టీఎక్స్‌టీ తగిలిస్తుంది, విండోస్ దాన్ని కనపడనివ్వదు. పేరు సరిగ్గానే ఉంటే స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లో ఉండే లాంచ్ ఆప్షన్స్‌లో ప్లస్ ఎగ్జెక్ ఆటోఎగ్జెక్ (+exec autoexec) అని ఇవ్వండి.

గేమ్ రాసే ఫైల్‌ని రీడ్ ఓన్లీ చేసి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పనైతే అవుతుంది, కానీ తర్వాత మెనూలో మార్చినవి సేవ్ కావు.

ఇంకొకటి, పాత ఆటోఎగ్జెక్‌లు యథాతథంగా కాపీ చేసుకోవద్దు. దూకడం, గ్రెనేడ్ విసరడం రెండూ ఒకే కీకి కట్టే బైండ్‌లని 2024 ఆగస్టు అప్‌డేట్‌లో గేమ్ తయారుచేసే వాల్వ్ కంపెనీ ఆపేసింది, ఆ లైన్లు ఉంటే తీసేయండి.