ఫోటాన్లను లెక్కించాలా, తరంగాన్ని కొలవాలా: క్వాంటమ్ కీకి ఏది మేలు?

ఒకదానిలో ఒకటి కొంత కలిసి ఉండే రెండు క్వాంటమ్ స్థితులను ప్రతిసారీ తప్పు లేకుండా వేరుచేయగల కొలత ఏదీ లేదు. సందేశాలను రహస్యంగా ఉంచే కీని, అంటే ఇద్దరికే తెలిసిన అంకెల వరుసను, కాంతి ద్వారా పంచుకోవడానికి 1984లో చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రసార్డ్ ప్రతిపాదించిన బీబీ84 పద్ధతికి ఆధారం ఇదే: మధ్యలో ఎవరైనా కొలిస్తే స్థితి చెదిరి, ఆ జాడ దొరుకుతుంది. అయితే ఈ పరిమితి కీని అందుకోవలసినవారికీ వర్తిస్తుంది కనుక, వారు కాంతిని ఎలా కొలవాలన్నది చిన్న ప్రశ్న కాదు.

మొదటి మార్గం ఫోటాన్లను, అంటే కాంతి కణాలను, ఒక్కొక్కటిగా పట్టుకోవడం. 1550 నానోమీటర్ల కాంతి మామూలు ఫైబర్‌లో కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ తగ్గుతుంది. అంటే 100 కిలోమీటర్లు దాటేసరికి నూటికి ఒక్క ఫోటానే మిగులుతుంది. పోయిన ఫోటాన్ డిటెక్టర్‌ను మోగించదు, చేరినది మాత్రం తన సమాచారాన్ని దాదాపు చెక్కుచెదరకుండా తెస్తుంది. నష్టం వల్ల కీ వేగం తగ్గుతుందే గాని, డిటెక్టర్ ఉత్తినే మోగే సంఖ్య, చేరిన ఫోటాన్ల సంఖ్యకు దగ్గరయ్యేదాకా కీ చెడదు. 2016లో చైనా ప్రయోగించిన మిసియస్ ఉపగ్రహం 1,200 కిలోమీటర్ల దూరం నుంచి నేలకు కీని పంపింది ఈ మార్గంలోనే. ఖర్చు డిటెక్టర్ దగ్గర ఉంది: 90 శాతానికి పైగా సామర్థ్యమిచ్చే అతివాహక (విద్యుత్ నిరోధం లేని) నానోవైర్ డిటెక్టర్లను రెండు మూడు కెల్విన్ల చలిలో ఉంచాలి.

రెండవది కాంతిని తరంగంగా కొలిచే హోమోడైన్ కొలత. వచ్చిన బలహీన కాంతిని బలమైన లేజర్ కాంతితో కలిపి, రెండు సాధారణ ఫోటోడయోడ్ల కరెంట్ల తేడాను చూస్తారు. దీనికి అతిశీతల యంత్రాలు అక్కర్లేదు. పైగా ఆ లేజర్‌తో సరిపోలని దారితప్పిన కాంతి లెక్కలోకి రాదు కాబట్టి, ఇంటర్నెట్ సంకేతాలు నడిచే ఫైబర్‌లోనే కీని కూడా పంపవచ్చు. నా దృష్టిలో దీని అసలు బలం ఇదే.

కాని ఇక్కడ ‘మోగలేదు’ అనే ఫలితం ఉండదు. ప్రతి కాంతి పల్స్‌కూ ఒక సంఖ్య వస్తుంది. కాంతి పోయినచోట శూన్యపు నాయిస్, అంటే కాంతి లేనప్పుడూ ఉండే క్వాంటమ్ ఒడిదుడుకు, చేరుతుంది. అందువల్ల దూరం పెరిగేకొద్దీ, షాట్ నాయిస్‌లో (కాంతి క్వాంటమ్ స్వభావం వల్ల ఈ కొలతలో తప్పక ఉండే ఒడిదుడుకులో) నూరో వంతు కన్నా చిన్న అదనపు నాయిస్ కూడా కీ మొత్తాన్ని తుడిచిపెట్టగలదు.

భద్రతలో ఏదీ పుట్టుకతో మేలైనది కాదు. ప్రకాశవంతమైన కాంతితో ఫోటాన్ డిటెక్టర్ల కళ్ళు కప్పి నడిపించవచ్చని 2010లో పరిశోధకులు చూపారు. హోమోడైన్‌లో బలమైన లేజర్ కాంతిని కూడా ఫైబర్ గుండానే పంపితే ఆ కాంతే దాడికి దారి అవుతుంది, కనుక దానిని కీ అందుకునే చోటే పుట్టించడం మంచిది.

నగరం లోపల, ఇప్పటికే వాడుకలో ఉన్న ఫైబర్ మీద, ముప్పై నలభై కిలోమీటర్లకైతే నేను హోమోడైన్‌నే ఎంచుకుంటాను. ఊరి నుంచి ఊరికి, ఉపగ్రహం నుంచి నేలకు అయితే ఫోటాన్ లెక్కింపునే. హోమోడైన్ పెట్టినవారు షాట్ నాయిస్‌ను కీ తయారవుతుండగానే మళ్ళీ మళ్ళీ కొలవాలి, ఎందుకంటే పొద్దున కొలిచిన విలువనే సాయంత్రం దాకా వాడితే, ఈలోగా దొంగచాటుగా వినేవారు చేర్చిన నాయిస్ ఆ పాత లెక్కలో కలిసిపోయి కనిపించదు.